పుస్తకం మూసి చదవండి



మీ ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు మీకు ఎన్ని నోటికొచ్చు? ఒక్కసారి ఆలోచించండి. ఫోన్లో చూడకుండా చెప్పాలి.

ఇంటికో ల్యాండ్‌లైన్ ఉన్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో అన్నయ్య ఇంటి నంబరు, ఆఫీసు నంబరు, గ్యాస్ కంపెనీ నంబరు, పక్కవీధి డాక్టరుగారి నంబరు అన్నీ నోటికొచ్చేవి. ఇప్పుడు అదే అన్నయ్యకి రోజూ ఫోన్ చేస్తున్నాం. పేరు కనబడుతుంది, దాని కింద నంబరూ కనబడుతుంది. వందలసార్లు చూశాం. అయినా ఆ నంబరు చెప్పమంటే నోరు పెగలదు. ఎందుకని? అప్పుడు ఫోన్ చేసిన ప్రతిసారీ నంబరుని గుర్తుతెచ్చుకోవాల్సొచ్చేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. చూసి, వేలు పెడితే చాలు.

చూడడం వేరు. గుర్తుతెచ్చుకోవడం వేరు. చూసింది కళ్లకి అలవాటవుతుంది. గుర్తుతెచ్చుకున్నది నోటికి వస్తుంది. పెద్దయ్యాక పరాయి భాష నేర్చుకునేవాళ్లకి ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఈ సంగతే. పుస్తకం తెరిచి చదివేది తగ్గించండి. పుస్తకం మూసి గుర్తుతెచ్చుకునేది పెంచండి.

ఎవరండీ ఇప్పుడు పరాయి భాష నేర్చుకునేది అంటారేమో. మన చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ముఖ్యంగా నర్సింగ్ చదివిన మన అమ్మాయిలు, అబ్బాయిలు. జర్మనీలో ఆస్పత్రులకి నర్సులు కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకి జర్మన్ నేర్పించి అక్కడికి పంపుతోంది. ప్రైవేటు శిక్షణ కేంద్రాలూ చాలా వెలిశాయి. అక్కడ పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి జర్మన్ రావాలి. ఐరోపాలో భాష వచ్చిన స్థాయిని ఆరు మెట్లుగా లెక్కపెడతారు. ఏ1 మొదటిది, సి2 చివరిది. బి2 నాలుగో మెట్టు. గోథే సంస్థ పెట్టే బి2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ప్రతి భాగంలోనూ 100కి 60 రావాలి. మూడింట్లో 90 వచ్చి నాలుగోదాంట్లో 55 వస్తే ఆ నాలుగోది మళ్లీ రాయాల్సిందే.

వీళ్లలో చాలామందికి ముప్పై దాటి ఉంటుంది. పెళ్లయి ఉంటుంది, పిల్లలుంటారు. పగలు డ్యూటీ, సాయంత్రం క్లాసు. క్లాసులో మేడమ్ చెప్పింది బుద్ధిగా రాసుకుంటారు. ఇంటికొచ్చి ఎర్ర పెన్నుతో గీతలు గీస్తారు. మూడుసార్లు, నాలుగుసార్లు చదువుతారు. చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. పరీక్షలో ఎదురుగా కూర్చున్నాయన ఒక ప్రశ్న వేసేసరికి ఒక్క మాటా రాదు. అప్పుడు ఏమనుకుంటారు? నాకు వయసైపోయింది, నా బుర్రకి ఎక్కదు అనుకుంటారు.

వయసు మీద నింద వేయకండి. 1978లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. నెదర్లాండ్స్‌కి వచ్చి డచ్చి భాష నేర్చుకుంటున్న, ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలని పరిశీలించారు. చిన్నపిల్లలూ ఉన్నారు, పన్నెండు పదిహేనేళ్లవాళ్లూ ఉన్నారు, పెద్దవాళ్లూ ఉన్నారు. మొదటి కొన్ని నెలల్లో చిన్నపిల్లలకంటే పెద్దవాళ్లే ముందున్నారు. అందరికంటే ముందున్నది పన్నెండు పదిహేనేళ్లవాళ్లు. ఉచ్చారణలో చిన్నపిల్లలకి పోను పోను మేలు జరుగుతుంది, అది నిజమే. కానీ మాటలు, వాక్యాల పద్ధతి పట్టుకోవడంలో పెద్దవాళ్లు తీసిపోరు.

మన గిడుగు రామమూర్తి పంతులుగారినే తీసుకోండి. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. సవరలు కొండల్లో ఉండేవాళ్లు. వాళ్ల భాషకి మన తెలుగుతో చుట్టరికం లేదు, అది వేరే కుటుంబం. దానికి అప్పటికి పుస్తకం లేదు. పంతులుగారు సంసారం, ఉద్యోగం మోస్తూనే ఆ భాష పట్టారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అడిగి, విని, నేర్చుకున్నారు. ఆ మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. అయినా వదల్లేదు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అది వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటానికి. కానీ పెద్దయ్యాక కొత్త భాష పట్టిన విద్యార్థిగా కూడా ఆయన్ని తలుచుకోవాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

సరే, అసలు విషయానికొద్దాం. పుస్తకం మూస్తే నిజంగా అంత తేడా ఉంటుందా? ఉంటుంది. 2008లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. కార్పికె, రోడిగర్ అని ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చేశారు. కాలేజీ విద్యార్థులకి స్వాహిలీ మాటలు 40 ఇచ్చారు. స్వాహిలీ ఆఫ్రికా భాష. విద్యార్థులకి అది బొత్తిగా కొత్త. ఒక మాట ఒకసారి సరిగ్గా చెప్పగలిగాక ఏం చేయాలి? అక్కడ దారులు మార్చారు. కొందరి చేత ఆ మాటని మళ్లీ మళ్లీ చదివించారు గానీ, మళ్లీ అడగలేదు. ఇంకొందరి చేత చదివించడం మానేశారు గానీ, అడగడం మానలేదు. వారం తర్వాత పిలిచి పరీక్ష పెట్టారు. చదువుతూ పోయినవాళ్లకి సుమారు 36 శాతం మాటలు గుర్తున్నాయి. అడిగించుకున్నవాళ్లకి సుమారు 80 శాతం గుర్తున్నాయి.

మరోసారి చెప్తున్నాను, వినండి. చదివినవాళ్లకి 36. అడిగించుకున్నవాళ్లకి 80.

ఇంకో సంగతి. మీకు ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారు అని ముందే విద్యార్థులని అడిగారు. రెండు రకాలవాళ్లూ దాదాపు సగం అన్నారు. అంటే ఏ పద్ధతి పనిచేస్తోందో నేర్చుకునేవాళ్లకి తెలియదు. చదివితే హాయిగా ఉంటుంది. గుర్తుతెచ్చుకుంటే కష్టంగా ఉంటుంది. ఆ హాయి చూసి మోసపోతాం. ఆ కష్టం చూసి భయపడతాం.

ఇప్పుడు ఇది ఇంట్లో ఎలా చేయాలో చెప్తాను. మామూలు రూళ్ల నోటుపుస్తకం తీసుకోండి. పేజీని నిలువుగా మధ్యకి మడవండి. ఎడమవైపు తెలుగు వాక్యం రాయండి. కుడివైపు జర్మన్ వాక్యం రాయండి. పేజీకి పది వాక్యాలు చాలు. ఇప్పుడు జర్మన్ వైపు కనబడకుండా మడిచేయండి. తెలుగు వాక్యం చూసి, జర్మన్ పైకి చెప్పండి. మనసులో కాదు, పైకి. రాకపోతే వెంటనే విప్పి చూడకండి. కాసేపు వెతకండి. నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టు ఉంటుంది చూశారా, ఆ తిప్పలే చదువు. ఆ తర్వాత విప్పి చూడండి. తప్పయితే సరిదిద్దుకుని అక్కడే ఒకసారి పైకి అనండి. తప్పకుండా సరిచూసుకోవాలి. లేకపోతే తప్పే నోటికి పట్టేస్తుంది.

రెండో రోజు కింద నుంచి పైకి రండి. మూడోసారి మధ్యలోంచి మొదలుపెట్టండి. వరుస గుర్తుండిపోతే మాట గుర్తున్నట్టు భ్రమ పడతాం.

నాకు తెలిసిన ఒక సిస్టర్‌ది కరీంనగర్ వైపు ఊరు. వాళ్లింట్లో ఈ పని వాళ్ల అత్తగారు చేస్తారు. ఆవిడకి తెలుగు చదవడం వచ్చు, జర్మన్ అక్షరం ముక్క రాదు. రాత్రి కోడలు చపాతీలు ఒత్తుకుంటూ ఉంటే, ఆవిడ పీట మీద కూర్చుని నోటుపుస్తకం పట్టుకుని తెలుగు వాక్యాలు చదువుతారు. "నాకు చలి పెడుతుంది" అంటారు. కోడలు జర్మన్‌లో చెప్తుంది. "ఎక్కడ నొస్తుంది?" అంటారు. కోడలు చెప్తుంది. ఒకచోట కోడలు ఆగిపోయింది. "ఏందమ్మా, ఆగినవ్?" అన్నారు. "ఒక్క నిమిషం అత్తమ్మా, నోటిదాక అచ్చింది" అంది. చేతిలో కర్ర ఆగింది. పెనం మీద చపాతీ పొగ పెట్టింది. మాట వచ్చాకే ఆ చపాతీ తిరగేసింది. జర్మన్ రాకపోయినా ఎక్కడ తడబడుతోందో ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది. తడబడ్డ వాక్యం పక్కన పెన్సిల్‌తో చుక్క పెడతారు. మర్నాడు ముందు ఆ చుక్కలే అడుగుతారు. ఎంత ఫీజు కట్టినా ఇలాంటి గురువు దొరకరు.

పేజీలో ఏం రాయాలి? విడి మాటలు రాయకండి. వాక్యాలు రాయండి. మీ పనికి పనికొచ్చే వాక్యాలు రాయండి. నర్సులయితే రోగి నోట వచ్చే మాటలు, రోగిని అడిగే మాటలు. "వో టూట్ ఎస్ వే?" అంటే ఎక్కడ నొప్పిగా ఉంది అని.

ఎడమవైపు తెలుగే రాయండి, ఇంగ్లీషు వద్దు. దీన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి. చాలా క్లాసుల్లో జర్మన్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్పుతారు. మనవాళ్లకి అది చుట్టుదారి. నాకు చలిగా ఉంది అని మనం అంటాం. నాకు అంటాం, నేను అనం. జర్మన్‌లోనూ అంతే. "మీర్ ఇస్ట్ కాల్ట్." మీర్ అంటే నాకు, ఇస్ట్ అంటే ఉంది, కాల్ట్ అంటే చలిగా. తల తిరుగుతోంది, వికారంగా ఉంది అనాలన్నా ఆ 'నాకు'తోనే మొదలవుతుంది. వికారంగా ఉంటే "మీర్ ఇస్ట్ ష్లెష్ట్." ఇంగ్లీషు మీదుగా వెళ్లినవాళ్లు 'నేను'తో మొదలుపెట్టి "ఇష్ బిన్ కాల్ట్" అంటారు. అది విన్న జర్మన్ వాళ్లకి, నాది జాలి లేని మనసు అని చెప్పుకున్నట్టు ఉంటుంది. ఆస్పత్రిలో అలా వినబడడం మంచిది కాదు.

అలాగే ఒక ఇల్లు నచ్చితే నాకు నచ్చింది అంటాం కదా. జర్మన్‌లో అక్కడా నాకే. ఇంకొకటి. ఎందుకంటే అని మొదలుపెట్టే వాక్యంలో జర్మన్ క్రియ చివరికి వెళ్లిపోతుంది. "వైల్ ఎర్ ఫీబర్ హాట్." వైల్ అంటే ఎందుకంటే. తర్వాత వరుసగా ఆయన, జ్వరం, ఉంది. క్రియ చివర ఉండడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ నానా తంటాలు పడతారు. మనం పడక్కర్లేదు. అన్నిచోట్లా ఇలా కలిసిరాదు, మామూలు వాక్యంలో వాళ్ల క్రియ రెండో చోట కూర్చుంటుంది. కానీ కలిసొచ్చినచోట మన తెలుగుని ఎందుకు వదులుకోవాలి?

నామవాచకాల దగ్గర మాత్రం మనకీ కష్టమే. జర్మన్‌లో ప్రతి వస్తువుకీ లింగం ఉంటుంది. దానికి కారణం వెతక్కండి. చెంచా పుంలింగం, "దేర్ లోఫెల్". ఫోర్కు స్త్రీలింగం, "దీ గాబెల్". కత్తి నపుంసకం, "దాస్ మెస్సర్". లోఫెల్‌లో ఆ 'లో' ఉంది చూశారా, పెదాలు ఓ అన్నట్టు గుండ్రంగా పెట్టి, లోపల ఏ అనాలి. అద్దం ముందు చేస్తే రెండు రోజుల్లో పడుతుంది. వస్తువు పేరుని ముందున్న దేర్, దీ, దాస్‌తో కలిపే రాయండి, కలిపే పైకి చెప్పండి. పేరు ముందు నేర్చుకుని లింగం తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఇప్పుడు మిమ్మల్నే అడుగుతాను. ఇందాక చెప్పాను, నాకు చలిగా ఉంది అని జర్మన్‌లో ఎలా అంటారు? చెప్పండి. పైకి అనండి, పక్కన ఎవరున్నా ఫర్వాలేదు. ... మీర్ ఇస్ట్ కాల్ట్. వచ్చిందా? వచ్చినవాళ్లకి ఇంకాస్త గట్టిపడింది. రానివాళ్లకి కూడా, ఇప్పుడు వెతికి విన్నారు కాబట్టి, ఇందాకటికంటే గట్టిగా పడింది.

ఇక రెండో ముక్క. గుర్తుతెచ్చుకోవడం ఎంత ముఖ్యమో, మధ్యలో రోజులు వదలడం అంత ముఖ్యం. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అని జర్మన్ శాస్త్రవేత్త 1885లో జ్ఞాపకం మీద ఒక పుస్తకం అచ్చువేశారు. అర్థం లేని అక్షరాలు కంఠస్థం చేసి, తన మీద తనే ప్రయోగం చేసుకున్నారు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే జారిపోతుందని, ఆ తర్వాత జారడం నెమ్మదిస్తుందని ఆయన లెక్కల్లో తేలింది. కాబట్టి మొదటి గుర్తుతెచ్చుకోవడం మర్నాడే జరగాలి. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఆగొచ్చు. తర్వాత వారం. తర్వాత పక్షం రోజులు. తర్వాత నెల. సగం మరిచిపోయే సమయానికి అడిగించుకోవాలి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ బారిక్ కుటుంబం. అమెరికాలో హ్యారీ బారిక్ అని ఒక ఆచార్యుడు. ఆయన, భార్య, ఇద్దరు కూతుళ్లు కలిసి తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. తలో 300 పరాయి భాష మాటలు నేర్చుకున్నారు. కొన్ని మాటలని 14 రోజులకోసారి, కొన్నింటిని 28 రోజులకోసారి, కొన్నింటిని 56 రోజులకోసారి వల్లించారు. ఏళ్ల తరబడి పరీక్షించుకుని 1993లో ఫలితం ప్రకటించారు. 56 రోజుల ఎడంతో 13 సార్లు కూర్చుంటే, 14 రోజుల ఎడంతో 26 సార్లు కూర్చున్నంత గుర్తుంది. సగం శ్రమతో అంతే ఫలం. ఎడం ఎక్కువయితే కూర్చున్నప్పుడు కష్టంగా ఉంటుంది, మరిచిపోయినట్టు ఉంటుంది. అయినా నిలిచేది అదే.

తారీఖులు గుర్తుపెట్టుకోవడం మీ వల్ల కాదనుకుంటే ఆంకీ అని ఒక యాప్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో డబ్బు కట్టక్కర్లేదు. ఏ వాక్యం ఏ రోజు అడగాలో అదే చూసుకుంటుంది. కానీ వాక్యాలు మీరే రాసి ఎక్కించండి. ఫోన్ వద్దనుకుంటే పేజీ పైన తారీఖు వేసుకోండి, అదీ చాలు.

వినడానికి కూడా ఇదే సూత్రం. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె నేర్చుకునేవాళ్ల కోసం వార్తలు నెమ్మదిగా చదివి ఉచితంగా ఇస్తోంది. దాన్ని వెనకాల మోగించుకుని వంట చేసుకుంటే ఒరిగేది తక్కువ. రెండు వాక్యాలు వినండి. ఆపండి. విన్నది పైకి చెప్పండి. మళ్లీ వేసి సరిచూడండి. పది నిమిషాలు ఇలా విన్నది, గంటసేపు ఊరికే విన్నదానికంటే మేలు.

అంకెల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నర్సులకి అంకె తప్పితే మందు మోతాదు తప్పుతుంది. యాభై మూడుని జర్మన్లు మూడూ-యాభై అంటారు. ఒకట్లు ముందు, పదులు వెనక. మనకి తిరగబడి వినబడుతుంది, 53 కాస్తా 35 అవుతుంది. బస్సులో కూర్చున్నప్పుడు ముందు వెళ్తున్న బండి నంబరు ప్లేటు చూడండి. నాలుగంకెలని రెండు జంటలు చేసి జర్మన్‌లో అనుకోండి. దారిలో ఎన్ని బళ్లు కనబడితే అన్ని ప్రశ్నలు. పుస్తకమే అక్కర్లేదు.

చివరగా ఒక హెచ్చరిక. ముప్పై రోజుల్లో జర్మన్ అని గోడల మీద బోర్డులు కనబడుతున్నాయి. నమ్మకండి. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య ఉద్యోగులకి పూర్తికాలం క్లాసులు పెట్టి, జీతమిచ్చి మరీ నేర్పిస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఆ ఉద్యోగులకే జర్మన్‌కి సుమారు 36 వారాలు పడుతుందని వాళ్ల లెక్క. మన తెలుగుకి 44 వారాలు వేశారు. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవాళ్లకి ఇంకా ఎక్కువే పడుతుంది. ముప్పై రోజుల్లో రాలేదని మీ బుర్రని తిట్టుకోకండి. ఆ బోర్డు పెట్టినవాళ్లని నిలదీయండి. ఫీజు కట్టేముందు మీ క్లాసులో ఎంతమంది ఉంటారు, ఒక్కొక్కరి చేత రోజుకి ఎన్ని నిమిషాలు మాట్లాడిస్తారు అని అడగండి. ఆ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పలేని చోట డబ్బు పోయకండి.

ఇంట్లో పెద్దవాళ్లకి నాదొక విన్నపం. మీ కోడలో, కొడుకో, అల్లుడో పరాయి భాష నేర్చుకుంటుంటే, వాళ్ల నోటుపుస్తకం మీ చేతిలోకి తీసుకోండి. మీకా భాష రానక్కర్లేదు. తెలుగు వైపు చదివి అడగండి, తడబడ్డచోట చుక్క పెట్టండి, మర్నాడు ఆ చుక్కలు మళ్లీ అడగండి. రోజుకి ఒక్క పావుగంట. ఈ రాత్రి భోజనాలయ్యాకే మొదలుపెట్టండి.